వెనక్కి నడిచే గుర్రం

పుల్లన్న తండ్రి సంజీవప్ప ఆ బొమ్మల కథ చదవడం రాక అలా చెప్పాడా, చదవడం తెలిసే అలా చెప్పాడా? ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనే వేసుకున్నాను. ఉద్యోగం ముగిసింది, కళ్లకు ఆపరేషన్లయ్యాయి, చదివే పుస్తకాలు తగ్గిపోయాయి. అయినా ఇది మాత్రం తగ్గలేదు. ఒకరోజు ఒక జవాబు సరిగ్గా కుదురుతుంది. మరునాడు పొద్దున కాఫీ తాగే వేళకు రెండో జవాబే నిజమనిపిస్తుంది. అందుకని జవాబు వెతకడం పక్కన పెట్టి, పుల్లన్న గురించి నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

నేను పెనుకొండ శాఖా గ్రంథాలయంలో పనిచేసే రోజులవి. తొంభై అయిదో సంవత్సరం ఎండాకాలం. మధ్యాహ్నాలు పేపరు చదవడానికి వచ్చేవాళ్లు పేపరు మొహాన కప్పుకొని నిద్రపోయేవాళ్లు. అలాంటి ఒక మధ్యాహ్నం తెల్లగుడ్డ మూట చంకన పెట్టుకొని ఒక మనిషి లోపలికి వచ్చాడు. పొడగరి. మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ల వీపు ఎలా వంగుతుందో అలా కాస్త వంగి ఉన్నాడు. చొక్కా చేతి మీద జరీ పోగు ఒకటి అంటుకొని మెరుస్తోంది. ధర్మవరం మనిషని అడగకుండానే తెలిసింది.

"సార్, బొమ్మల కథల పుస్తకాలు ఉండాయా?"

"ఉన్నాయి. పిల్లల వయసెంత?"

"పిల్లోళ్లకు కాదు సార్. నాకే."

నలభైకి దగ్గరపడిన మనిషి. నేను తల ఎత్తి చూశాను. అతను సిగ్గుపడలేదు.

"ఏ పుస్తకం కావాలి?"

"పేరు తెలీదు సార్. దాంట్లో ఒక రాగి గుర్రం ఉంటాది. అది ఎనక్కి నడుస్తాది."

పేపరు కింద నిద్రపోతున్నాడనుకున్న ఒక పెద్దమనిషి పేపరు తీయకుండానే అన్నాడు. "ఏమబ్బా, మా ఊర్లో జట్కా గుర్రాలు ముందుకు నడిచేదే కష్టంగా ఉండాది. నీ గుర్రం ఎనక్కి నడిస్తే గడ్డి యట్ల మేస్తాదప్పా?"

"మేసి వచ్చుంటాది లేన్నా" అన్నాడు ఆ మనిషి, ఏమాత్రం తడుముకోకుండా.

అలా పరిచయమయ్యాడు పుల్లన్న. ధర్మవరంలో మగ్గాల మీద చీరలు తీసుకొని, పాసింజరు బండెక్కి పెనుకొండలోనూ హిందూపురంలోనూ ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. తానూ నేసేవాడే. నడుము నొప్పి వచ్చాక మగ్గం వదిలేశాడు. ఐదో తరగతి దాకా చదువుకున్నాడు. పెనుకొండలో దిగినప్పుడల్లా గ్రంథాలయానికి వచ్చి, పిల్లల బీరువా ముందు గొంతుకూర్చుని, ఒక్కో బొమ్మల పుస్తకమూ తీసి చూసేవాడు. గుర్రాలున్న పుస్తకాలు చాలానే దొరికాయి. రాజుల గుర్రాలు, రెక్కల గుర్రాలు, దొంగల గుర్రాలు. అన్నీ ముందుకే నడిచేవి.

ఇంకో అలవాటు ఉండేది అతనికి. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి, "పోయొస్తా సార్" అనేవాడు. అని ఊరుకోడు. నేను "పోయిరాప్పా" అనేదాకా అక్కడే నిలబడేవాడు. ఒకసారి జిల్లా నుంచి తనిఖీ అధికారి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పుల్లన్న చెప్పింది నాకు వినబడలేదు. అరగంట తర్వాత అధికారిని సాగనంపడానికి బయటికి వస్తే, పుల్లన్న ఎండలో మూటతో నిలబడి ఉన్నాడు. అతనెక్కాల్సిన పాసింజరు బండి అప్పటికే వెళ్లిపోయింది.

"ఏమప్పా, ఇంకా ఈడనే ఉండావే?"

"మీరు పోయిరా అనలేదు గదా సార్."

అప్పుడే అడిగాను ఎందుకింత పట్టింపని. అతను లోపలికి వచ్చి, కుండలో నీళ్లు తాగి, చెప్పాడు.

అతని తల్లి సావిత్రమ్మది అమరాపురం. అది కర్ణాటక సరిహద్దు ఊరు, అక్కడ బడిలో ఆమె కన్నడం చదువుకుంది. పెళ్లయి ధర్మవరం వచ్చేటప్పుడు పెట్టెలో ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకుంది. అన్ని పుస్తకాల్లా కుట్టిన పుస్తకం కాదు. మడతలు మడతలుగా ఉండే పొడవాటి కాగితం. విప్పితే చీర కొంగులా కిందికి జారుతుంది. బొమ్మ కింద బొమ్మ, బొమ్మ కింద బొమ్మ. పుల్లన్నకు ఊహ తెలిసీ తెలియని వయసులో ఆమె పుట్టింటికని వెళ్లింది. వెళ్లేటప్పుడు పోయొస్తానని ఎవరితోనూ అనలేదు. మళ్లీ రాలేదు. పుస్తకం మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది.

"మా నాయనకు సంతకం తప్ప అక్షరం రాదు సార్. కన్నడం అసలే రాదు. నేను ఏడిస్తే మగ్గం మింద కూసోబెట్టుకోని ఆ పుస్తకం విప్పి, బొమ్మలు సూపిచ్చి కథ చెప్తాండె."

కథ ఇది. దూరంగా ఆకాశంలో ఒక చుక్క. ఆ చుక్క ఒక పిల్లవాడు, రాగి గుర్రం మీద ఉన్నాడు. మబ్బుల్లోంచి దిగుతాడు. గాలివానలో పడతాడు. సముద్రం దాటుతాడు. కొండ ఎక్కి దిగుతాడు. అడవిలో పాము అడ్డం వస్తుంది. ఊరి పొలిమేర వస్తుంది. చిట్టచివర ఒక ఇల్లు, గుమ్మంలో దీపం పట్టుకొని తల్లి.

"ఇంటికొచ్చినాడు, కథ అయిపాయె. అంతే సార్."

"మరి గుర్రం వెనక్కి నడవడమేంది?"

"బొమ్మలో గుర్రం మొగం ఆకాశం పక్కకు ఉంటాది సార్. వచ్చేది మాత్రం ఇంటి పక్కకు. నేను అడిగినా, ఏం నాయనా, గుర్రం అటు సూస్తాంది గదా అని. మా నాయన ఏమన్నాడంటే, ఆ గుర్రానికి ఇల్లొదిలి పోయేది ఇష్టం లేదురా, అందుకే మొగం అటు పెట్టి ఇటు నడుస్తాది, ఇంటి దావ దానికి సూడకుండానే తెలుసు అన్నాడు."

ఈ మాట చెప్పి పుల్లన్న చాలాసేపు నవ్వాడు. తండ్రి తెలివికి మురిసిపోయే నవ్వు.

సంజీవప్ప పోయి అప్పటికి మూడేళ్లు. దినాల రోజు బంధువులంతా కూర్చున్నప్పుడు పుల్లన్న ఆ గుర్రం కథ ఎత్తాడట. సంజీవప్ప అక్క లక్ష్మీదేవమ్మ, అంటే పుల్లన్నకు మేనత్త, చప్పున అడ్డుపడింది.

"ఏం పుస్తకమురా? యాడ పుస్తకం? నీ ఏడుపు ఆపేదానికి మీ నాయన అల్లిన కథ అది."

"నేను కండ్లారా సూసినా గదత్తా!"

"నువ్వు సూసింది చీరల డిజైను గీసే గ్రాఫ్ కాగితమేమో పోరా. దాన్లోనూ నెమళ్లూ గుర్రాలే గదా ఉండేది."

అప్పట్నుంచి పుల్లన్న వెతుకుతున్నాడు. పుస్తకం ఉందా లేదా అన్నది అతనికి ముఖ్యం కాదు. "పిల్లోడు ఇంటికొచ్చినాడని ఆ పుస్తకంలో ఉండాదా సార్? లేకుంటే మా నాయన నాకు అబద్ధం చెప్పినాడా? అది తెలిస్తే సాలు." తండ్రి మాటను నమ్మి, అమ్మ వస్తుందని తాను రోజూ గుమ్మంలో దీపం పెట్టేవాడినని ఇంకోసారెప్పుడో చెప్పాడు. పెద్దయ్యాక మానేశాడట. మానేసిన రోజు తండ్రి అడిగాడట, "ఏమిరా, దీపం పెట్టలేదే?" అని.

మూడేళ్ల తర్వాత నన్ను హిందూపురానికి బదిలీ చేశారు. పుల్లన్న అక్కడికీ వచ్చేవాడు. అక్కడి పిల్లల బీరువా కూడా అయిపోయింది. పాత కాగితాల కొట్లు తిరిగాడు. పట్టుగూళ్ల మార్కెట్టుకు కర్ణాటక నుంచి వచ్చే రైతులను కూడా అడిగేవాడు. "ఏమప్పా పుల్లన్నా, గుర్రం దొరికిందా?" అని మార్కెట్టులో అందరూ పలకరించేవాళ్లు. "దొరికితే ఎక్కే వస్తా గదన్నా, మీకు కనపడకుండా పోతానా?" అనేవాడు.

రెండు వేల ఒకటిలో ఒక ఆదివారం పొద్దున నేను టీవీ ముందు కూర్చున్నాను. హిందూపురంలో కన్నడ ఛానెళ్లు చూడనివాళ్లు తక్కువ. పిల్లల కోసం ఏదో పాత యానిమేషన్ చిత్రం వేస్తున్నారు. ఎప్పుడో బెంగళూరులో ఎవరో కొద్దిమంది కలిసి తీసిన చిన్న చిత్రం. బొమ్మలు తక్కువ గీసి ఎక్కువసేపు కదిలించారు. అదే కొండ మళ్లీ మళ్లీ వస్తోంది. గుర్రం నాలుగు కాళ్లూ రెండు రకాలుగానే కదులుతున్నాయి. రంగు గీత దాటి పక్కకు కారినట్టు ఉంది. మొదట ఒక ఇల్లు. గుమ్మంలో దీపం పట్టుకొని తల్లి. ఒక పిల్లవాడు రాగి గుర్రం ఎక్కుతున్నాడు.

కాఫీ గ్లాసు కింద పెట్టి తెర దగ్గరికి జరిగాను.

పిల్లవాడు ఊరి పొలిమేర దాటాడు. అడవిలో పాము. కొండ. సముద్రం. గాలివాన. మబ్బులు. ఆకాశంలో చుక్కై ఆగిపోయాడు. చిత్రం అయిపోయింది. ఒక పాత బొమ్మల కథ ఆధారంగా తీశామని అక్షరాలు పడ్డాయి.

అన్నీ ఉన్నాయి. గుర్రం వెనక్కి మాత్రం నడవలేదు. పిల్లవాడు ఇంటికి రాలేదు. నాకు అర్థం కాలేదు. ఇది అదే కథా? సినిమావాళ్లు మార్చారా? లేక ఇలాంటివే రెండు కథలున్నాయా? మా వీధిలో కేబుల్ నడిపే నాగేంద్ర దగ్గరికి పోయి, ఆ చిత్రం మళ్లీ వేస్తే రికార్డు చేసి పెట్టమన్నాను.

"ఏం సార్, ఈ వయసులో కార్టూన్లా?" అన్నాడు.

"నాకు కాదు, పుల్లన్నకు."

"ఓ, గుర్రం పుల్లన్నకా! అట్లయితే తప్పకుండా చేస్తా. లేకుంటే నా అంగడికొచ్చి కూసుంటాడు."

ఆ వారమే గ్రంథాలయానికి వచ్చిన ఆశీర్వాదం సారుతో ఈ మాట చెప్పాను. ఆయన మడకశిర వైపు బడుల్లో కన్నడం చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడు. పాతవేవీ పారేయని మనిషి. నేను చెబుతుండగానే కళ్లజోడు తీశారు.

"తామ్రద కుదురె. రాగి గుర్రం. మడతల పుస్తకమేనా? నా దగ్గర ఉండాదే!"

సాయంత్రం తెచ్చి చూపించారు. అంచులు పసుపు తేలాయి. మడతల దగ్గర గంజి గుడ్డతో అతికించి ఉంది. ఎర్రమట్టి రంగు, నీలం, రెండే రంగుల ముద్రణ. అచ్చు కాస్త జరిగి, గుర్రం రంగు గుర్రం గీతలోంచి బయటికొచ్చింది. సినిమాలో రంగు కారినట్టు కనిపించింది ఎందుకో అప్పుడు తెలిసింది. ఆ పొరపాటును కూడా వాళ్లు వదలకుండా గీశారు. పైనుంచి కిందికి విప్పి చూశాను. ఇల్లు, పొలిమేర, అడవి, కొండ, సముద్రం, వాన, మబ్బులు, చుక్క. సినిమాలో ఉన్నట్టే.

"గుర్రం వెనక్కి నడిచేది ఎక్కడ సార్?" అన్నాను.

"యాడా లేదు. అట్లాంటిదేం లేదు దీంట్లో" అన్నారు ఆయన.

పుల్లన్నకు చెబుదామని ధర్మవరం వెళ్లాను. ఇంట్లో లేడు. చీరలు తీసుకొని నల్లచెరువు వైపు పోయాడట. లక్ష్మీదేవమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని మగ్గానికి పట్టు దారం ఆసు పోస్తోంది. ఒళ్లు బాగా వంగిపోయింది గాని, చేతులు ఆగడం లేదు. పుస్తకం దొరికిందని చెప్పాను. చేతులు ఆగాయి.

"రాగి గుర్రం పుస్తకమా? యాడ దొరికింది?"

"ఆ పుస్తకమే లేదన్నారట కదమ్మా మీరు?"

"లేదంటే వాడు ఎతికేది మానుకుంటాడనుకుంటి. మానుకున్యాడా? ఇంగా ఎక్కువాయె." దారం కొసను నోట తడిపి అంటించింది. "ఉన్నింది నాయనా. సావిత్రిది. చీర నేసేటప్పుడు జరీ రాసుకోకుండా మడతల నడుమ కాగితం పెడ్తారు సూడు, ఒకరోజు మా సంజీవి ఆ పుస్తకం విప్పి, పొడుగ్గా ఉండాదని చీరతో కల్పి సుట్టేసినాడు. చీరతో పాటే పాయె అది."

"కాగితం లేకనా, కావాలనా?"

"నన్నడిగితే? కాగితం ఇంట్లో ఉన్నట్టే గ్యాపకం. లేదేమో."

"కథ ఏమని చెప్పేవాడమ్మా ఆయన?"

"పిల్లోడు గుర్రమెక్కి ఆకాశానికి పోయినాడు, మల్లా రాలేదు అని."

నేను ఆమె మొహంలోకి చూశాను. "పుల్లన్నకు ఇంటికొచ్చాడని చెప్పాడట కదా?"

"అట్లనా?" అంది. దారం కొస మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయితే నాకు సంజీవి చెప్పలేదేమో. సావిత్రే చెప్పిందేమో. ఆ యమ్మి కన్నడంలో రాగం తీసి చదువుతాండె. ఎవురు చెప్పినారో ఇప్పుడు యాడ గ్యాపకం నాయనా? ఇద్దరూ ఆ అరుగు మిందనే కూసుంటాన్రి."

ఆదివారం హిందూపురం రమ్మని పుల్లన్నకు చెప్పమని చెప్పి వచ్చేశాను. దారంతా ఆ కాగితం గురించే ఆలోచించాను. ఇంట్లో వేరే కాగితం ఉందా, లేదా?

ఆదివారం నాగేంద్ర అంగట్లో నలుగురం చేరాం. పుల్లన్న కొత్త చొక్కా వేసుకొని వచ్చాడు. మూట మాత్రం చంకలోనే ఉంది. ఆశీర్వాదం సారు పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని బిడ్డను ఎత్తుకున్నట్టు కూర్చున్నారు. ఆయన చేతికి ఇవ్వగానే పుల్లన్న దాన్ని కళ్లకు అద్దుకున్నాడు. తర్వాత పొడవాటి బల్ల మీద పూర్తిగా విప్పి పరిచాడు. ఇల్లున్న కొస ఆ చివర, తనకు దూరంగా. ఆకాశం ఉన్న కొస తన దగ్గర. వేలు దగ్గరున్న చుక్క మీద పెట్టాడు.

"ఇదే సార్! ఇదే! సూడండి, ఆకాశంలో చుక్క." వేలు పైకి జరిగింది. "మబ్బులు. వాన. ఇదిగో సముద్రం. గుర్రం మొగం సూడండి, ఇట్ల మనపక్క ఉండాదా? నడిచేది అటు. ఎనక్కే!"

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఏమయ్యా, కిందనుంచి సూస్తాండావే?" అన్నారు ఆశీర్వాదం సారు.

"కిందనుంచి కాకుంటే యాడనుంచి సారూ?" పుల్లన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మగ్గం మింద బొమ్మ కిందనుంచే గదా పుట్టేది? గ్రాఫ్ కాగితం సూసి మగ్గం అట్టలకు బొక్కలు కొట్టేటప్పుడు అడుగు వరసనుంచే గదా మొదలు పెట్టేది? నెమలి కాళ్లు ముందు, తల ఎనక."

"నీకు చదువొచ్చు కదప్పా. అక్షరాలు పైనుంచి కదా చదువుతావు?" అన్నాను.

"అక్షరాలు పైనుంచే సార్. బొమ్మలు కిందనుంచి." ఇందులో విడ్డూరమేముందన్నట్టు చూశాడు.

"అది కాదయ్యా" ఆశీర్వాదం సారు పుస్తకాన్ని తనవైపు తిప్పుకున్నారు. "ఇదీ మొదలు. ఇల్లు. ఇదీ కొస. ఆకాశం."

"కాదు సారూ. ఆకాశం మొదలు."

"పుస్తకం నాదయ్యా!"

"కథ మా నాయనది సారూ!"

"మీరిద్దరూ కొట్లాడుకోకండప్పా" అని నాగేంద్ర, ఆ చిత్రం మళ్లీ వేసినప్పుడు రికార్డు చేసిన క్యాసెట్ పెట్టాడు. "సినిమా ఉండాది గదా, అదే చెప్తాది యాది మొదలో."

చిత్రం మొదలైంది. ఇల్లు. దీపం. తల్లి కన్నడంలో "హోగి బా మగనే" అంది. పోయిరా నాయనా అని. పిల్లవాడు బదులు చెప్పలేదు. గుర్రం ఎక్కాడు. పుల్లన్న మొదట్లో "మార్చేసినారు, వీళ్లు మార్చేసినారు" అని గొణిగాడు. సముద్రం వచ్చేసరికి గొణగడం ఆపేశాడు. గాలివాన వచ్చేసరికి మూట చంకలోంచి తీసి ఒడిలో పెట్టుకున్నాడు. చుక్క కనబడకుండా పోయింది.

నాగేంద్ర పాజ్ నొక్కాడు.  పుల్లన్న పుస్తకాన్ని మళ్లీ తన దగ్గరికి లాక్కొని, చుక్క కింద ఉన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఈడ ఏం రాసినారు సారూ?"

ఆశీర్వాదం సారు నావైపు చూశారు. నేను తల ఊపాను. ఆయన చదివారు. "అవను మత్తె బరలిల్ల."

తెలుగులో చెప్పనక్కర లేకపోయింది. సరిహద్దు ఊళ్లలో చీరలమ్మే మనిషి. "మల్లా రాలేదు అని" అన్నాడు తనే.

నావైపు తిరిగి అడిగాడు. "మా నాయనకు ఈ అక్షరాలు తెలిసుంటాయా సార్?"

"రావని నువ్వే కదప్పా చెప్పావు."

"రావు. నిజమే. రావు." వేలు ఆ అక్షరాల మీదే అటూ ఇటూ కదిలింది. "మా యమ్మ చదివి వినిపిచ్చుంటే? ఆయమ్మ చదువుతాంటే మా నాయన పక్కనే మగ్గం మింద ఉండేటోడు గదా. వినపడకుండా ఉంటాదా?"

"మగ్గం చప్పుడులో వినబడదేమో" అన్నాను. ఆ మాట ఓదార్పుకు అన్నానో, నిజమనిపించి అన్నానో నాకిప్పటికీ తెలియదు.

"వినపడుంటే తెలిసే చెప్పినట్ల. వినపడకుంటే తెలీక చెప్పినట్ల." పుల్లన్న లెక్క అప్పజెప్పే పిల్లవాడిలా అన్నాడు. "తెలిసి చెప్పింటే అబద్ధం. తెలీక చెప్పింటే... తెలీక చెప్పింటే ఏమవుతాది సార్ అది?"

 ఆశీర్వాదం సారు పుస్తకం మడతలు సరిచేస్తున్నట్టు నటించారు.

నాగేంద్రకు ఇలాంటి లెక్కలు పడవు. "సరేలేప్పా, క్యాసెట్ ఎనక్కి తిప్పేస్తా, ఇంకోసారి సూడు, ఈసారి నీకు యాడైనా కనపడుతుందేమో నీ గుర్రం" అని మీట నొక్కాడు. స్టాప్ నొక్కకుండానే తిప్పినట్టున్నాడు. తెర మీద అడ్డగీతలు పడి, బొమ్మ వెనక్కి పరుగెత్తడం మొదలైంది. శబ్దం లేదు.

ఆకాశంలో చుక్క పుట్టింది. చుక్క గుర్రమైంది. మబ్బుల్లోంచి దిగింది. వాన చినుకులు సముద్రంలోంచి లేచి పైకి పోయాయి. గుర్రం మొహం ఆకాశం వైపే ఉంది. కాళ్లు ఇంటివైపు నడుస్తున్నాయి. కొండ ఎక్కి దిగింది, ఎక్కి దిగింది. పాము పుట్టలోకి తోకతో దూరింది. పొలిమేర వచ్చింది.

"ఓ పుల్లన్నా! నడుస్తాండాది రో! ఎనక్కి నడుస్తాండాది నీ గుర్రం!" నాగేంద్ర కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ఆశీర్వాదం సారు కళ్లజోడు తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు. నేను నోరు తెరుచుకొని తెరకేసి చూస్తున్నాను. నలభై ఏళ్ల కిందట ధర్మవరంలో ఒక మగ్గం మీద చెప్పిన కథ, ఒక్క బొమ్మ పొల్లుపోకుండా, నా కళ్లముందు జరుగుతోంది. పిల్లవాడు గుర్రం దిగాడు. గుమ్మంలో తల్లి దీపం పట్టుకొని నిలబడి ఉంది. ఆమె పెదవులు కదిలాయి. ఏమందో వినబడలేదు. టక్కున క్యాసెట్ కొస తగిలి తెర నీలమైంది.

"ఏమప్పా, ఇప్పుడేమంటావు?" అని నాగేంద్ర వెనక్కి తిరిగాడు.

పుల్లన్న కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది. ఒడిలో పెట్టుకున్న మూట లేదు. బల్ల మీద మడతల పుస్తకం సగం కిందికి జారి వేలాడుతోంది.

"మీతో చెప్పి పోయాడా?" అని ఆశీర్వాదం సారును అడిగాను.

"లేదే. మీతో చెప్పినాడేమో అనుకున్నా."

"నాగేంద్రా, నీతో?"

నాగేంద్ర తల అడ్డంగా ఊపాడు.

వినబడలేదేమో అనుకున్నాను. టీవీ వైపు చూస్తున్నాం, నాగేంద్ర చప్పట్లు కొడుతున్నాడు. గుమ్మం దగ్గర తిరిగి చెప్పే ఉంటాడు. నా జవాబు కోసం బయట ఎండలో మూటతో నిలబడి ఉంటాడు. లేచి గుమ్మం దాకా వెళ్లాను. మెట్ల మీద లేడు. వీధికి అటు చూశాను, ఇటు చూశాను. లేడు.